కాపెల్‌మైస్టరు, మేళము, మేస్త్రి: ఒక సమాసపద విచారము

పాశ్చాత్య సంగీత చరిత్రను చదువు తెలుగు పాఠకునకు బాక్, హైడన్ అను పేర్లతోపాటు ఎదురగు జర్మను సమాసపదము కాపెల్‌మైస్టరు. నిఘంటువు విప్పి చూచినచో పూర్వపదమునకు చిన్న ప్రార్థనామందిరమనియు, ఉత్తరపదమునకు గురువు, అధిపతి, ఆఱితేరిన పనివాడు అనియు అర్థములు దొరకును. ఆ రెంటిని అతికినచో ‘ప్రార్థనామందిరాధిపతి’ అను మాట యేర్పడును. దానిని చదివిన తెలుగువాడు ఒక మతాచార్యుని ఊహించుకొనునే గాని, ఒక రాజు కొలువులో గాయకులను, వాద్యకారులను కూర్చి నడపు సంగీతజ్ఞుని ఊహించుకొనజాలడు. అవయవముల అర్థములో దోషము లేదు. సమాసము అర్థమే చేజాఱినది.

ఇట్టి చిక్కు జర్మను భాషకే పరిమితమైనది కాదు. సంగీతముతో జీవించువారిని తెలుపు సమాసములలో పెక్కింటికి అర్థము పదములలో కంటె పదవులలో ఎక్కువగా ఉండును. ఆ పేరు ఏ కొలువులో పుట్టినది, ఎవరు పెట్టినది, ఎవరు మోసినది అను సంగతులు తెలియనిదే వ్యుత్పత్తి వివరణము పూర్తి కాదు. తెలుగు నిఘంటువులకును, అనువాదములకును ఈ సూత్రము ఎంత అవసరమో ఈ యొక్క జర్మను పదమును మన పదముల ప్రక్కన నిలిపి చూచినచో తేటపడును.

కాపెల్‌మైస్టరు అను సమాసములోని మొదటి భాగమునకు మూలము లాటిను భాషలోని కాప్పా. అనగా తలపై నుండి కప్పుకొను పైవస్త్రము. నాలుగవ శతాబ్దమునకు చెందిన తూర్ నగర బిషప్పు మార్టిను, సైనికుడుగా నున్న కాలమున చలికి వణకుచున్న ఒక బిచ్చగానికి తన పైవస్త్రమును సగము కోసి యిచ్చెనని క్రైస్తవ పురాణగాథ. ఆ వస్త్రఖండమును ఫ్రాంకు రాజులు పవిత్ర వస్తువుగా భద్రపఱచిరి. చిన్న వస్త్రమను అర్థమిచ్చు కాప్పెల్లా అను రూపము మొదట ఆ వస్త్రమునకు, పిదప దానినుంచిన మందిరమునకు, అటుపిమ్మట రాజభవనములలోని ప్రార్థనామందిరములన్నిటికి చెల్లినది. దానిని కాపాడు పూజారులకు కాప్పెల్లానులను పేరు వచ్చినది. ఒక గుడ్డముక్క పేరు గుడి పేరయినది.

ఇచ్చట తెలుగు పరిశోధకుని ఊరించు ఒక ఉచ్చు కలదు. లాటిను కాప్పా కప్పుకొనునదియే; తెలుగు ‘కప్పు’ క్రియ చెప్పునదియు అదియే. ధ్వనియు, అర్థమును ఇంత చక్కగా కలిసినంత మాత్రమున ఈ రెంటికి చుట్టఱికము కట్టరాదు. ఒకటి యూరపు భాషల చరిత్రకు చెందినది, రెండవది దేశ్యము. ఇట్టి పోలికలను నమ్మి వ్రాసిన వ్యుత్పత్తులు భాషాశాస్త్రమునకు చేసిన చేటు చిన్నది కాదు. మాట నడచి వచ్చిన దారి తెలిసినప్పుడే మాటల బంధుత్వమును చెప్పవలయును.

రాజమందిరములలో ప్రార్థన పాటతో కూడినది. కావున మందిరపు సేవకులలో గాయకులు చేరిరి. గాయకులకు తోడుగా వాద్యకారులు చేరిరి. క్రమముగా కాపెల్లె అను మాట ఆ కట్టడమునకు గాక, అందలి సంగీత బృందమునకు పేరయినది. చక్రవర్తి మొదటి మాక్సిమిలియను 1498లో వియన్నాలో నెలకొల్పిన ఆస్థాన సంగీత బృందమునకును, 1548లో డ్రెస్డెనులో సాక్సనీ ప్రభువు మోరిట్సు స్థాపించిన బృందమునకును ఈ పేరే చెల్లినది. డ్రెస్డెను బృందము నేటికిని తన పేరులో కాపెల్లె అను మాటను నిలుపుకొనియున్నది. అట్టి బృందమునకు నాయకుడే కాపెల్‌మైస్టరు. ఆతడు కొత్త కృతులను కూర్చవలెను, బృందమునకు శిక్షణ నీయవలెను, ప్రభువు కోరిన వేళకు కచేరి సిద్ధము చేయవలెను. యోహాన్ మత్తెసన్ 1739లో ప్రకటించిన పెద్ద గ్రంథమునకు పరిపూర్ణుడైన కాపెల్‌మైస్టరు అను అర్థమిచ్చు పేరు పెట్టుటను బట్టి, అప్పటికి ఆ పదము ఒక ఉద్యోగమునే గాక ఒక సమగ్ర విద్యను కూడ సూచించుచుండెనని గ్రహింపవచ్చును.

అవయవార్థము ఎంత దూరముగా తొలగిపోయినదో తెలుపుటకు బాక్ జీవితము చక్కని తార్కాణము. ఆతడు 1717 నుండి 1723 వఱకు కోతెను ప్రభువైన లియోపోల్డు కొలువులో కాపెల్‌మైస్టరు. ఆ కొలువు కాల్విను మార్గమునకు చెందినది. ఆ మార్గమున ఆరాధనయందు విస్తారమైన సంగీతమునకు తావు లేదు. కావున ప్రార్థనామందిరపు పేరుగల ఆ పదవిలో బాక్ వ్రాసినది అత్యధికముగా లౌకిక వాద్యసంగీతము. 1723లో లైప్జిగు చేరి దేవాలయములకు వారము వారము సంగీతము సమకూర్చవలసిన పదవిని స్వీకరించినప్పుడు ఆతని ఉద్యోగనామము కాంటరు. అనగా పేరులో మందిరమున్నప్పుడు పనిలో మందిరము లేదు. పనిలో మందిరము వచ్చినప్పుడు పేరులో లేదు. అవయవములను నమ్మి అనువదించువాడు బాక్ జీవితమునే తలక్రిందులు చేయును.

భారతీయ శబ్దశాస్త్రమునకు ఈ స్థితి కొత్తది కాదు. అవయవశక్తి చేతనే అర్థమిచ్చునది యౌగికము. సముదాయశక్తి చేతనే ఇచ్చునది రూఢము. రెండును కలిసి ఒక్క వస్తువునందు నిలిచినది యోగరూఢము. పంకజ శబ్దము బురదలో పుట్టిన ప్రతి వస్తువును చెప్పక పద్మమునే చెప్పుట యోగరూఢికి పెద్దలిచ్చు ఉదాహరణము. కాపెల్‌మైస్టరు పదము మొదట యౌగికము. మందిర గాయకుల పెద్దను మాత్రమే చెప్పినంత కాలము యోగరూఢము. కోతెను కొలువు నాటికి దాదాపుగా రూఢము. పాశ్చాత్య శబ్దచరిత్రకారులు అర్థపరిణామమని ఒక్క మాటతో చెప్పుదానిని ఈ పరిభాష మూడు మెట్లుగా విడదీసి చూపును. భారతీయ భాషా పరిశోధకులు తమ చేతనున్న ఈ సాధనమును పరాయి పదములపై కూడ ప్రయోగించుటకు సంకోచింపరాదు.

ఇక ఉత్తరపదమైన మైస్టరు. దీనికి మూలము లాటిను మాగిస్టెరు. అధికుడు, నేర్పించువాడు అని అర్థము. ఆ మూలమే పోర్చుగీసులో మెస్త్రె అయినది, ఆంగ్లములో మాస్టరు అయినది. పోర్చుగీసు వారి రాకతో భారతదేశపు రేవులలో దిగిన మెస్త్రె తెలుగున మేస్త్రిగా, హిందీలో మిస్త్రీగా స్థిరపడినది. ఆంగ్లేయుల బడులతో వచ్చిన మాస్టరు మాస్టారయినది. కావున తాపీపని చేయించు మేస్త్రియు, పాఠము చెప్పు మాస్టారును, వియన్నాలోని కాపెల్‌మైస్టరును ఉత్తరపదమును బట్టి ఒక్క తల్లి బిడ్డలు. కప్పు, కాప్పా అను వానికి లేని చుట్టఱికము మేస్త్రికి, మైస్టరునకు కలదు. ఏలయన ఇచ్చట దారి స్పష్టముగా కనబడుచున్నది.

ఈ రెండు మాటలును ఒకే ఊరి చరిత్రలో చేరిన చోటు జంషెడ్‌పూరు. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమై, 1912లో సాక్చీ గ్రామమున ఉక్కు ఉత్పత్తి మొదలైనప్పుడు ఉక్కు కొలుములను నడపుటకు జర్మను నిపుణులను రప్పించిరి. 1914లో ప్రపంచ యుద్ధము వచ్చుటతో వారి కాలము ముగిసినది. 1919లో సాక్చీకి జంషెడ్‌పూరను పేరు వచ్చినది. ఆ కర్మాగారము ఆకర్షించిన వివిధ ప్రాంతముల శ్రామికులలో శ్రీకాకుళము, విజయనగరము మొదలైన ఉత్తరాంధ్ర సీమల నుండి వలస వచ్చిన తెలుగువారును కలరు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి స్థిరనివాసమునకు నేటికిని సాక్షి. జర్మను పనివాని మైస్టరును, తెలుగు పనివాని మేస్త్రియు ఒక లాటిను మాటకు రెండు రూపములని ఆ కొలుముల యొద్ద ఎవరును తలపోసియుండరు. భాషలకు సంబంధించినంతవఱకు అట్టి ఊరు ఒక పరిశోధనాలయమే. 2000లో బీహారు నుండి విడివడి ఝార్ఖండులో చేరిన ఆ నగరమున తెలుగు మాట హిందీ, బెంగాలీ, ఒడియా మాటల నడుమ బ్రతుకుచున్నది. పుస్తకముల అండ తక్కువగానున్న అట్టి చోట వృత్తిపదములు పాత రూపములను నిలుపుకొనుటకును, కొత్త రూపములను దాల్చుటకును సమానముగా అవకాశము కలదు.

కాపెల్లెకు తెలుగున సరిపోలు మాటను వెదకువారు ‘మేళము’ను దాటి పోనక్కఱలేదు. కూడిక అను అర్థముగల సంస్కృత శబ్దము తెలుగున వాద్యకారుల కూడికకు, నటుల కూడికకు, నర్తకుల కూడికకు పేరయినది. తంజావూరు సంప్రదాయమున నాదస్వర బృందము పెద్దమేళము, నాట్య బృందము చిన్నమేళము. సంగీత శాస్త్రమునందు ఆ మాటయే స్వరముల కూడికకు చెల్లినది. విజయనగర రాజ్యమున అళియ రామరాయల కాలమునాటి రామామాత్యుడు 1550 ప్రాంతమున రచించిన స్వరమేళకళానిధి పేరులోనే అది కలదు. వేంకటమఖి డెబ్బదిరెండు మేళముల ప్రణాళిక తరువాత మేళకర్త అను సమాసము స్థిరపడినది. ఇది వినుటకు మనుష్యుని పేరువలె నుండును. చెప్పునది రాగజనకమైన స్వరక్రమమును. జర్మను పదములను అవయవములుగా విఱుచు అనువాదకుడు మేళకర్తను కూడ అట్లే విఱిచినచో దానికి మేళమునకు యజమాని అని అర్థము చెప్పి నవ్వులపాలగును. పరభాషీయులు మన పదమునకు అట్టి గతి పట్టించినచో సహింపనివారు పరుల పదములయెడ అంతటి జాగరూకతయే చూపవలయును.

మేళము నడచిన దారియు కాపెల్లె నడచిన దారియు చివరకు ఒకే చోటికి చేరుట గమనింపదగినది. నేటి జర్మను పల్లెలలో ఉత్సవములకు ఊదు ఇత్తడి వాద్యముల బృందమును కూడ కాపెల్లె అనియే అందురు. తెలుగు నాట పెండ్లి ఊరేగింపు ముందు నడచు ఇత్తడి వాద్యముల బృందము బ్యాండుమేళము. ఇందు ఆంగ్ల పదమునకును కూటమియనియే అర్థము, మేళమునకును అదియే అర్థము. లక్షణకర్తలు ఒప్పని సంకరమని దీనిని కొందఱు త్రోసిపుచ్చవచ్చును. కాని కాపెల్‌మైస్టరులోని రెండు భాగములును జర్మనులకు పరాయివే. లాటిను సొమ్ముతో వారు కట్టుకొన్న ఇల్లది. బ్యాండుమేళమును నిఘంటువు గడప వెలుపల నిలుపుటకు శాస్త్రీయమైన కారణమేదియు లేదు.

కాపెల్‌మైస్టరు పదవికి మన చరిత్రలో మిక్కిలి దగ్గఱగా వచ్చు పేరు ఆస్థాన విద్వాంసుడు. ఈ రెండు సమాసములు నడచిన దిక్కులు మాత్రము పరస్పర విరుద్ధములు. జర్మను పదము గుడిలో పుట్టి రాజుల కొలువు చేరినది. ఆస్థాన పదము రాజు కొలువు తీరు సభను చెప్పుచు, రాజులు పోయిన తరువాత గుడిలో నిలిచినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలైన వారిని తిరుమల తిరుపతి దేవస్థానము ఆస్థాన విద్వాంసులుగా గౌరవించినది. రాజు లేని కాలమున ఆస్థానమేమి అని అడుగువారికి తిరుమల క్షేత్రమే సమాధానము చెప్పును. ఉగాది ఆస్థానము, ఆణివార ఆస్థానము అను ఉత్సవములలో వేంకటేశ్వరుడు రాజువలె కొలువు తీరును. దేవుడే ప్రభువైన చోట గుడియే కొలువు. కావున పదము అర్థము మాఱలేదు. ప్రభువు మాత్రము మాఱెను.

ఒక పదవి మఱియొక పదవిగా మాఱుటకు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) జీవితము సాక్ష్యము. విజయనగర సంస్థానమున ఆస్థాన విద్వాంసుడైన ఆ మహనీయుడు, 1919లో అచ్చట సంగీత కళాశాల ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. మనిషి ఒక్కడే, విద్య ఒక్కటే. కొలువు కళాశాలగా మాఱుటతో పేరు మాఱినది. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందమును నెలకొల్పినప్పుడు రవిశంకరును, తరువాతి కాలమున తెలుగు వైణికుడైన ఈమని శంకరశాస్త్రియు నిర్వహించిన పనిని హైడన్ చూచియుండినచో తన పనిగానే గుర్తించియుండును. కృతులు కూర్చుట, బృందమును తీర్చుట, అడిగిన వేళకు వినిపించుట: మూడును అవియే. ప్రభువు స్థానమున ప్రభుత్వము వచ్చినది.

వీనికి భిన్నమైనది వాగ్గేయకారుడు. పదమూడవ శతాబ్దమున శార్‌ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నిర్వచించిన ఈ సమాసము ఏ కొలువులోను పుట్టలేదు, శాస్త్రములో పుట్టినది. వాక్కును, గేయమును రెంటిని తానే నిర్మించువాడు వాగ్గేయకారుడు. విగ్రహవాక్యము చెప్పిన వెంటనే అర్థము పూర్తిగా వచ్చును. త్యాగరాజు తంజావూరు కొలువును నిరాకరించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆస్థాన విద్వాంసుడు కాకపోయినను వాగ్గేయకారులలో అగ్రగణ్యుడగుటకు ఆతనికి లోపమేమియు కలుగలేదు. కావున సంగీతజ్ఞుల పేర్లను రెండు తెగలుగా విభజింపవలయును: శాస్త్రము కట్టిన సమాసములు, కొలువు కట్టిన సమాసములు. మొదటి తెగకు వ్యాకరణము చాలును. రెండవ తెగకు వ్యాకరణముతోపాటు చరిత్రయు కావలయును.

మూడవ తెగ ఒకటి కలదు. అసలు చిక్కు అందులోనిదే. అది సంఘము కట్టిన సమాసము. జర్మనులో కాపెల్‌మైస్టరునకు చాల ముందునుండి స్పీల్‌మన్ అను మాట కలదు. స్పీల్ అనగా ఆట, మన్ అనగా మనిషి. తెలుగు ‘ఆటకాడు’ దానికి అచ్చమైన జోడు. ఊరూర తిరిగి వాయించి పొట్టపోసుకొను ఈ ఆటకానికి పదమూడవ శతాబ్దపు సాక్సను ధర్మశాస్త్రము పూర్తి మనిషి హక్కు నీయలేదు. ఆతనికి అపకారము జరిగినచో పరిహారముగా ఆ శాస్త్రము చూపినది అపకారి నీడను మాత్రమే. మన్ అనిపించుకొన్నవానికి నీడ, మైస్టరు అనిపించుకొన్నవానికి కొలువు. అయినను ఆ కొలువును మిక్కిలి ఉన్నతముగా ఎంచరాదు. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువు కొలువున ఉపనాయకుడుగా చేరిన హైడన్, ప్రభువు ఇచ్చిన దుస్తులు ధరించి, దినదినము ఆజ్ఞ కొఱకు వేచియుండవలెనని ఒప్పందము వ్రాసియిచ్చెను. 1766లో ఆతడు కాపెల్‌మైస్టరు అయ్యెను. మైస్టరు కూడ సేవకుడే. కాని పేరుగల సేవకుడు.

తెలుగున ఈ మెట్లు ప్రత్యయములలో దాగియున్నవి. గాయకుడు, వైణికుడు అనుచోట గౌరవము. సన్నాయివాడు, డోలువాడు, డప్పువాడు అనుచోట చులకన. వాయించు వాద్యమును బట్టి కాక, వాయించువారి కులమును బట్టి ఈ భేదమేర్పడినది. పెండ్లికి, దేవుని సేవకు మంగళవాద్యము లేనిదే పని జరుగదు. ఆ వాద్యము వాయించిన నాయీబ్రాహ్మణులకు వాక్యములో బహువచనము కూడ దక్కలేదు. ప్రకాశము జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా (1924–1999) 1977లో పద్మశ్రీ పొందిన నాటికి ఆతని పేరు ముందు నిలిచినది నాదస్వర విద్వాంసుడను సమాసము. సన్నాయివాడు అను మాటకును, నాదస్వర విద్వాంసుడను మాటకును నడుమనున్న దూరము వాద్యభేదము వలన కలిగినది కాదు. కులము పేరుతో అణచబడినవారి విద్య సభామర్యాద పొందుటకు పట్టిన కాలమది.

ఈ భేదము తెలిసిన కొందఱు, పాత మాటలన్నిటిని తీసివేసి సుషిరవాద్య కళాకారుడు, చర్మవాద్య కళాకారుడు అని సమముగా వ్రాయుట మేలని తలంపవచ్చును. వ్యవహారమున మర్యాదగల మాటను వాడుట న్యాయమే. అందు వివాదము లేదు. కాని నిఘంటువు పని వేఱు. సన్నాయివాడు అను మాటను నిఘంటువు నుండి తుడిచివేసినచో అవమానము తుడిచిపోదు, అవమానమునకు సాక్ష్యము తుడిచిపోవును. స్పీల్‌మన్ అను మాటను జర్మను పండితులు దాచలేదు. దాని ప్రక్కన ధర్మశాస్త్రపు నీడను కూడ వ్రాసియుంచిరి. తెలుగు పండితులు చేయవలసినదియు అదియే.

కావున సంగీత వృత్తిపదముల విషయమున మూడు పనులు జరుగవలయును. మొదటిది అనువాదమునకు సంబంధించినది. కాపెల్‌మైస్టరు వంటి పదవీనామమును విఱిచి సంస్కృతములో అతుకక, మాటను ఉన్నదున్నట్లు తెలుగు లిపిలో నిలిపి ఒక్క వాక్యముతో వివరింపవలయును. సామాన్యార్థమున మేళనాయకుడు అను మాట చాలును; అది వినినవాడు మతాచార్యుని ఊహింపడు. రెండవది నిఘంటువునకు సంబంధించినది. ప్రతి పదమునకు విగ్రహముతోపాటు ఆ పేరు ఇచ్చిన కొలువును, మోసిన వర్గమును, ప్రయోగములోని గౌరవాగౌరవములను కూడ తెలుపవలయును.

మూడవది సేకరణము. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము రైతుల నోటి మాటను శాస్త్రగౌరవముతో గ్రంథస్థము చేసినది. అదే పద్ధతిని వాద్యకారుల యొద్దకు కొనిపోవలయును. సన్నాయి గొట్టములోని భాగములు, డోలు బిగింపు, బృందములో ఎవరు ముందు ఎవరు వెనుక అను వరుసలు, పంపకములో వాటాల పేర్లు, తమలో తాము పిలుచుకొను పిలుపులు వారి నోటనే వినవలయును. ఊరివారు వారిని పిలిచిన పేరొకటి. వారు తమను పిలుచుకొను పేరింకొకటి. ఇంతవఱకు నిఘంటువులలో ఎక్కువగా చోటు దొరకినది మొదటిదానికే.

ఈ సేకరణము రెండు తెలుగు రాష్ట్రముల సరిహద్దులతో ఆగరాదు. జంషెడ్‌పూరు, ఖరగ్‌పూరు వంటి పారిశ్రామిక నగరములలో మూడు నాలుగు తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెద్దల మాటకును పిల్లల మాటకును నడుమ ఎడము పెరుగుచున్నది. పెండ్లికి, నవమికి వాద్యమును పిలుచునప్పుడు ఆ వాద్యమును, వాయించువానిని ఏ పేరుతో పిలుచుచున్నారో, అందు తెలుగెంత, హిందీ యెంత, మేస్త్రి యెచ్చట మిస్త్రీ యయ్యెనో పెద్దలున్నప్పుడే అడిగి వ్రాసికొనవలయును. ఒక బిచ్చగానికిచ్చిన గుడ్డముక్క కథను యూరపు పండితులు పదునాఱు శతాబ్దములుగా పదలనీయలేదు గనుకనే కాపెల్‌మైస్టరు పుట్టుక నేడు తెలియుచున్నది. తెలుగు మేళము వాయించిన చేతుల కథ అట్లు నిలువవలెనన్నచో, దానిని వ్రాసిపెట్టు బాధ్యత విశ్వవిద్యాలయములదే.